నాయన నోరు జారలేదు

మా బంధువుల్లో నాయన గురించి ఒక నవ్వులాట కథ ఉంది. వికలాంగుల పింఛను విచారణకు వచ్చిన ఆఫీసరు ముందు నోరు జారి, రావాల్సిన డబ్బు పోగొట్టుకున్నాడని. ఆ కథ పుట్టించింది నేనే. అది అబద్ధం.

నాయన పుదుచ్చేరి బజారులో బట్టల కొట్టు గుమాస్తా. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో పై అరలోంచి బేళ్లు దించుతూ నిచ్చెన మీంచి పడ్డాడు. కుడికాలు మళ్లీ లేవలేదు. అప్పటికి యాభై నాలుగేళ్లు. కొట్టు ఉద్యోగానికి పింఛను ఉండదని, పెళ్లైన కొత్తలోనే ఒక పాలసీ తీసుకుని నెలనెలా కడుతూ వచ్చాడు. అరవై నిండాకే అది పింఛనుగా వస్తుంది. అంతవరకు పైసా తీయడానికి లేదు.

ప్రభుత్వ సాయం మాత్రం ఏ ఆధారమూ లేనివాళ్లకే. చేతికి రాని ఆ పాలసీని కూడా ఆధారం కిందే లెక్కేస్తారు. నాకది అన్యాయంగా తోచింది. దరఖాస్తులో పొదుపు ఏమీ లేదని నేనే రాశాను. నాయన నా మీది నమ్మకంతో చదవకుండా సంతకం చేశాడు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున పటాల వైపు చూశాను. మా ఇళ్లలో విలువైన కాగితానికి పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటాల ముందు ఉంచుతారు. ఉప్పళంలోని మా ఇంటి ముందుగదిలో పాలసీ కాగితం అందరికీ కనబడేలా ఉంది. తీసి బియ్యం డబ్బాలో దాచాను. మంచం మీంచి నాయన చూశాడు.

"ఏందిరా అది?"

"ఆఫీసరు పోయేదాకా, నాయనా."

"దేవుడి ముందర్నుంచి తీసినావే, ఆయనకేం చెప్పినావు?"

"దేవుడికి పింఛను వద్దులే, మనకు కావాల" అంది అమ్మ వంటింట్లోంచి.

"యాడ తీసినావో ఆడ పెట్టు."

నేను పెట్టలేదు.

ఆఫీసరు కాఫీ తాగాడు, కాలు చూశాడు, పెన్ను తీశాడు. నాయన పటాల వైపు తిరిగి, ఆయనకు అర్థమయ్యేలా అరవంలో, అమ్మను గట్టిగా అడిగాడు: "ఇక్కడుండే నా పింఛను పాలసీ ఏమైంది?"

దరఖాస్తు అక్కడితో ఆగిపోయింది.

మూలకుళంలో ఉండే మేనమామతో "పాలసీ సంగతి నాయన నోరు జారినాడు మామా" అన్నాను. నిజం చెబితే నేను దాచిన సంగతి బయటపడుతుంది. ఇక ప్రతి పెళ్లిలోనూ మామ, "బావా, మీ ఇంట్లో ఏమేం ఉండాయో నాకూ చెప్పు!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, నాయన కూడా.

పాలసీ చేతికొచ్చేదాకా ఆరేళ్లు అమ్మ ఇడ్లీలు అమ్మింది, నాయన కూర్చుని పొట్లాలు కట్టాడు. ఆ రోజుల్లోనే ఆ ఆఫీసరు మళ్లీ మా ఇంటికొచ్చాడు. వైతికుప్పంలో చెయ్యి పోయిన జాలరి ఒకతను పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నాడు; నాయన పనిచేసిన కొట్టులో ఎప్పటినుంచో బట్టలు కొనేవాడు. అతనికి నిజంగా ఏమీ లేదా అని ఆఫీసరు నాయనను అడిగాడు. నాయన "లేదు సార్" అన్నాడు. ఆఫీసరు ఇంకో ప్రశ్న వెయ్యకుండా మా అరుగు మీదే సంతకం పెట్టాడు.

అది చూసి కూడా నేను కథ దిద్దలేదు. నాయన పోయిన చాలా ఏళ్లకు, నిరుడు, మామకు చెప్పాను.

"అంటే, బావ ఇన్నేళ్లూ నన్ను నవ్వనిచ్చినాడా?"

"నవ్వనిచ్చినాడు మామా. నా మీదికి వేలు చూపించలేదు."