ఆఫీసు టైముకి పూయని పువ్వు

దివిసీమ మడ అడవిలో పీతలు పట్టే నూర్ బీ, బురదలో దిగేముందు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుంటుంది. ఉప్పు తగ్గిన నీడపట్టునే అరుదైన ఓ నీలిపువ్వు పూస్తుందని ఆమెకు తెలుసు. పువ్వుందని రుజువైతే అడవి నిలుస్తుంది. లేకుంటే నరికి రొయ్యల చెరువులు తవ్వుతారు. సర్వే ఆఫీసరు రెండుసార్లూ టిఫిన్ కానిచ్చి, పదకొండింటికి వచ్చి, లేదని రాసుకుపోయాడు.

“మీ ఆఫీసు టైముకి అది పుయ్యదండీ. ఎండెక్కితే ముడుచుకుని ఆకుల్లో కలిసిపోద్ది. తెల్లారేసరికి రండి,” అంది నూర్ బీ.

మూడోసారి ఆయన తెల్లవారుజామునే నూర్ బీ వాళ్ల పడవలో వచ్చి, మోకాలి లోతు బురదలో ఆమె వెనకే నడిచాడు. ఆమె కొమ్మ పక్కకి తీసింది. మడచెట్ల వేళ్ల మధ్య నేలంతా నీలంగా విచ్చుకుని ఉంది. ఆయన నిలబడే ఫొటోలు తీశాడు, నిలబడే రాశాడు, రాసింది చదివాడు: “పువ్వు ఉన్నది. అడవిని కొట్టరాదు.”

“ఇంకోసారి చదవండి సార్, కాస్త గట్టిగా,” అంది నూర్ బీ. “పడవలో ఉన్న మావాళ్లకీ వినపడాలి.”