రీల్లో మిగిలిన ఒక్కటి

నేను పాలిటెక్నిక్‌లో చదివే రోజులవి. ఆ మధ్యాహ్నం జనగామ స్టేషన్ బెంచీ మీద నేను, నా డ్రాయింగ్ బోర్డు, ఒక కెమెరా, దాన్ని ఒళ్లో పెట్టుకున్న నడివయసు ఫొటోగ్రాఫర్ ఉన్నాం. అతని పంచె అంచుకు ఇంకా పసుపు ఉంది. ముందురోజు కూతురి పెళ్లి చేసి, ఆమెను ఇక్కడ అత్తగారింట్లో దింపి, మానుకోటకు తిరిగి వెళ్తున్నానన్నాడు.

"ఫొటోలు ఎవరు తీసిన్రన్నా?"

"ఇంకెవరు, నేనే. అల్లుని కాళ్లు కడిగేటప్పుడు గూడ కెమెరా మెడలనే ఉండె. వంగితే పోయి ఆయన మోకాలుకు తగిలింది. మగపెళ్లోల్లు ఒకటే నవ్వుడు!"

తనూ నవ్వాడు. "ఇందాక బిడ్డ అన్నది, బాపూ, నువ్వు ఒక్క ఫొటోల గూడ పడలే గదా అని."

రీల్లో ఇంకొక్కటి మిగిలిందంటూ కెమెరా నా చేతికిచ్చాడు. దూరం, వెలుతురు సరిచూసుకుని, "జర నవ్వన్నా" అన్నాను. అతను కండువా సర్దుకుని నవ్వబోయాడు. పెదవి వణికింది.

"అప్పగింతలప్పుడు తండ్రులందరికి నేను గిదే చెప్తుంటి తమ్మీ. నవ్వు బాపూ, నవ్వు బాపూ అని. ఎవ్వరు నవ్వకపోతుండిరి. ఫొటో ఖరాబైతదని నాకు కోపమొస్తుండె."

"నవ్వకున్నా ఏంగాదు, తియ్యాల్నా?"

"తియ్యి, గిట్లనే తియ్యి. నిన్న కెమెరా అడ్డముండె. బిడ్డ నా మొకం చూడలే."

నొక్కాను. కెమెరా మీది అంకె ముప్పై ఆరు, రీల్లో ఆఖరిది.