గొడుగు తిన్న మేకపిల్ల

ఎమ్మిగనూరు పురజనులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ ఊరి మేకలకు ఇకమీదట ఎటువంటి మర్యాదా జరగదు. మేక ఎదురైతే గొడుగు వీపు వెనక దాచుకుని నమస్కారం పెట్టే మా సారు మొన్న ఆదోనిలో, కొడుకు ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయారు. ఏడవడానికి పోయినవాళ్లం ఆయన మాటలు చెప్పుకుని నవ్వి వచ్చాం.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను మూడో తరగతి. సారు వాచకం మూసిపెట్టి కథను పాటగా కట్టేవారు.

పత్తిబండి పైకెక్కె మేకపిల్ల,
ఆదోని దారి పట్టె మెల్లమెల్ల.

అక్కడ ఆపేవారు. తర్వాతి చరణం మేం కట్టాలి. కట్టినవాడు పలక మీద రాయాలి, పక్కవాడు చదవాలి. రాత తప్పితే బండి కదలదు. “ఊరికే రాయమంటే ఎవడు రాస్తాడప్పా? మేక కోసమైతే రాస్తాడు” అనేవారు.

ఒకరోజు నా వంతు వచ్చేసరికి గుమ్మంలో మా నాయన. మగ్గం దగ్గర నూలు కండెలు చుట్టే మనిషి లేక నన్ను బడి మాన్పించడానికి వచ్చాడు.

“సారూ, వీన్ని పిల్సకపోతాండా. సదివింది సాలు.”

“పిల్సకపోప్పా. కథ వాని దగ్గర నిలబడింది, ఆ చరణం అయిపోనీ.”

పోయేవాడికి భయమేముంది? అందుకున్నాను.

సారు గొడుగు నమిలెనంట పిల్లమేక,
కర్ర కూడ మింగెనంట ఊరుకోక!

నాయన చెయ్యెత్తాడు. “సారునే అంటావేమిరా!”

“ఉండప్పా. రేయ్, తప్పు లేకుండా రాస్తేనే మేక నా గొడుగు తింటాది.”

ఉమ్ము పెట్టి చెరిపి, మళ్లీ రాసి, ఆ గొడుగు తినిపించేదాకా వదల్లేదు. తరగతంతా గొంతెత్తి చదివింది. సారు కథ అందుకున్నారు. బండి తోలే తాత కునికాడు, ఎద్దులు ఆదోని దారి వదిలి గోనెగండ్ల దారికి తిరిగాయి. అంతలో గంట కొట్టారు.

నాయన కదలడే. “సారూ, మేక ఏమాయె?”

“రేపు మీవాన్ని పంపు. వాడొచ్చి సెప్తాడు.”

పంపాడు. ఆ మర్నాడూ పంపాడు. సాయంత్రం నేను కండెలు చుడుతూ చరణాలు చెబితే, మగ్గం గుంటలో కూర్చుని “ఊఁ, ఆపైన?” అనేవాడు. అలా అయిదో తరగతి దాకా మేక మీద ఎక్కి చదివాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ చదువుతోనే.

పోయిన నెల చూడబోతే సారు నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో ముగింపు చెప్పారు. మేక ఆదోని చేరి, సంత చూసి, క్షేమంగా ఇల్లు చేరిందట.

ఈ చివరి మాట మాత్రం నా కల్పన. “సారూ, మేక ఏమాయె?” అని నేను అడిగిందీ నిజమే, ఆయన బోసినోటితో నవ్విందీ నిజమే. కానీ చెప్పింది ఒక్కటే: “రేపు రాప్పా.”

మేక ఇంకా ఆ బండి మీదే ఉంది. గోనెగండ్ల దారిలో, పత్తి మూటల పైన నిలబడి, తీరిగ్గా గొడుగు నములుతోంది.