పిట్టగోడ మీద వాటర్లూ

నా చిన్నప్పుడు, రియాద్‌లో సైరన్ల మోత ఆగిన కొన్ని వారాలకు, మా భారతీయ పాఠశాలను మళ్లీ తెరిచారు. గల్ఫ్ యుద్ధం వల్ల పాఠాలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు నోటి పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లనే పదికి పంపుతామన్నారు. నాకు చరిత్ర అంటే చెమటలు పట్టేవి. మా నాన్న ఏసీ మెకానిక్. మనిషి మెత్తన, మాట గట్టి. "ఈసారి తప్పితే నిజామాబాద్‌ల నానమ్మ తాన ఉండి చదువుకో బిడ్డా," అన్నాడు. అమ్మానాన్నలను విడిచి ఉండాలన్న ఊహకే నాకు అన్నం సయించలేదు.

పక్కింటి సౌదీ కుటుంబంలో కడప జిల్లా అక్క ఒకామె పనిచేసేది. మా రెండు డాబాలకూ నడుమ పిట్టగోడ ఉండేది. ఒక సాయంత్రం ఆమె బట్టలు తీయడానికి వచ్చేసరికి నేను పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, వాటర్లూ యుద్ధం తేదీని జపంలా వల్లిస్తున్నాను. ఆమె నవ్వి, తాను బి.ఏ.లో చరిత్ర చదివానని చెప్పింది. ఇద్దరు పిల్లలను చదివించుకోవడానికే ఇంత దూరం వచ్చిందట.

"తేదీ అట్ల పక్కన పెట్టు పాపా. ఆ పొద్దు ఏం జరిగిందో చూడు," అంటూ బట్టల క్లిప్పులను గోడ మీద బారులు తీర్చింది. ఎర్రవి ఫ్రెంచి చక్రవర్తి సైన్యం, నీలివి ఇంగ్లీషువాళ్లు, దూరంగా పెట్టిన పసుపువి ఇంగ్లీషువాళ్ల సాయానికి వస్తున్న ప్రష్యన్లు, అంటే జర్మన్లు. గోడ మీది దుమ్ములో చెంబుడు నీళ్లు పోసింది. రాత్రంతా వాన కురిసి నేల బురదైందట. అది ఆరేదాకా ఫ్రెంచివాళ్లు ఆగారు. ఆ ఆలస్యంలోనే పసుపు క్లిప్పులు వచ్చేశాయి, ఎర్రవి ఓడిపోయాయి.

"ఇప్పుడు చెప్పు. వాన పడకుండా ఉండింటే?"

నేను పసుపు క్లిప్పులు రాకముందే ఎర్రవాటితో నీలివాటిని గోడ కిందికి తోసేశాను. "ఇగ యూరప్ మొత్తం ఆయనదే గద అక్కా!" అని ఎగిరి గంతేశాను.

అక్క బుట్టలో మిగిలిన క్లిప్పులన్నీ దోసిట్లోకి తీసుకుని గోడ చివర కుమ్మరించింది. "వీళ్లు రష్యావాళ్లు. వీళ్లు ఆస్ట్రియావాళ్లు. ఇంగా దారిలోనే ఉండారు. ఒక పొద్దు ఓడిపోతే వీళ్లు యెనక్కి పోతారా?"

నేను ఆ కుప్పవైపు చాలాసేపు చూశాను. అంతవరకూ నాకు యుద్ధమంటే గెలుపో ఓటమో, ఒక మార్కు జవాబు. దాని వెనక ఇంకెంత మంది నడిచి వస్తున్నారో లెక్కపెట్టాలని ఎవరూ చెప్పలేదు. తర్వాత వారం రోజులు మేము యూరప్ పటాన్ని ఆ గోడ మీదే ఎన్నిసార్లు చెరిపి గీశామో!

పరీక్షకు ప్రిన్సిపాల్ మేడమ్ స్వయంగా వచ్చింది. వాటర్లూలో ఫ్రెంచివాళ్లు గెలిచి ఉంటే ఏమయ్యేదని అడిగింది. నా ముందు ఐదుగురూ యూరప్ అంతా ఒకే చక్రవర్తి కింద ఉండేదన్నారు. చరిత్ర టీచర్ తల ఊపింది. నా వంతు వచ్చింది. లేచి, "అట్ల కాకపోవచ్చు మేడమ్," అన్నాను.

నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద సైన్యాల దారులు గీశాను. బెల్జియం మళ్లీ ఫ్రాన్సు చేతికి వచ్చేదేమో, వియన్నాలో రాజులు కుదుర్చుకున్న సరిహద్దులు తిరగరాయాల్సి వచ్చేదేమో. కానీ అలసిన ఫ్రాన్సు ఇంకో పెద్ద సైన్యాన్ని ఎదుర్కోక తప్పేది కాదు. ఫ్రాన్సు మీదికి వస్తున్న మిత్రదేశాలు తమలో తాము తగువులాడుకుంటేనే దానికి ఊపిరి దొరికేది. చెబుతూ చెబుతూ నా భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లజోడు తీసి, ఇదంతా ఎవరు నేర్పారని అడిగింది. పక్కింటి అక్క అన్నాను. ఏ బళ్లో చెబుతుందంది. బళ్లో కాదు, ఆ ఇంట్లో పనిచేస్తుందన్నాను. ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత, "నా నమస్కారం చెప్పు," అంది.

తరగతిలో మొదటి మార్కు నాదే. ఆ సాయంత్రం డాబా ఎక్కి ఆ నమస్కారం అందించాను. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, "నాకా?" అంది. మరుక్షణం గోడ మీదుగా నన్ను అమాంతం వాటేసుకుని పకపకా నవ్వింది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఎన్నో గదుల్లో, ఎంతో పెద్దవాళ్ల ఎదుట, అందరి మాటకూ అడ్డు చెప్పాల్సి వచ్చింది. లేచి నిలబడేముందు ఇప్పటికీ భయమేస్తుంది. అయినా ఏ రోజూ లేవకుండా కూర్చుండిపోలేదు.