గంగి ముందుకాలు

మొన్న మా స్కూలు లేబరేటరీకి పెట్టెలో పిల్లి అస్థిపంజరం ఒకటి వచ్చింది. జాబితాతో సరిచూడడం నా పని. అన్నీ సరిపోయాయి, ఎక్కడా ఒక్క వంకర లేదు. అది చూస్తే మావయ్య గుర్తొచ్చాడు.

మావయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆవిరింజను విప్పితే ప్రతి భాగానికీ రేకుబిళ్ల కట్టడం, పాడైనదానికి ఎర్ర గీత గీసి పారేసి మంచిది బిగించడం ఆయన రోజువారీ పని. అత్త పెంచిన మేక గంగి ముసలిదై చనిపోయినప్పుడు, పిల్లలకు చూపించడానికి దాని ఎముకలు కావాలని రైల్వే స్కూలు దీదీమణి, అంటే అక్కడి టీచరమ్మ, అడిగింది. అత్త మూడు రోజులు ఒప్పుకోలేదు. చివరికి, "గంగి గంగిలాగే నిలబడాల. తేడా వస్తే పెరట్లో పూడ్సేత్తాను," అంది. మావయ్య మాటిచ్చాడు.

గంగిని పీపాలో వేసి, నీళ్లు పోసి, మూతపెట్టి, వారాల తరబడి నానబెట్టాం. ఆ వాసన గురించి రాయకపోవడమే మర్యాద. "ఒరే, మీ ఇంట్లో ఏటి సచ్చిందిరా?" అని పక్క క్వార్టరు తాత రోజూ అడిగేవాడు. "మేకే తాతా, సచ్చి సానాళ్లయింది," అనేవాడు మావయ్య. తరవాత సబ్బునీళ్లతో జిడ్డు తీసి, ఎండబెట్టి, వెన్నులోంచి ఇనుపచువ్వ దూర్చి, రాగితీగతో కూర్చాం. అప్పట్లో వాళ్లింట్లోనే ఉండి డిప్లొమా చదువుతున్న నేను ప్రతి ఎముకకూ నంబరు వేశాను. ముందు కుడికాలి ఎముక ఒకటి వంకరగా, మధ్యలో బుడిపెతో ఉంది. జాబితాలో దాని ఎదురుగా "మార్చాలి" అని రాసింది నేనే.

నిలబెట్టిన రోజు అత్త దాని చుట్టూ తిరిగి, ఆ కాలు తడిమి చూసింది.

"ఇది గంగి కాలు కాదు."

"కసాయి దాదా దగ్గర తెచ్చినాను. పాతది వంకరే. సూడు, ఎంత సక్కగుందో!"

"ఆ కాలు ఇరిగినప్పుడు ఎదురుబద్దలు కట్టి నెల్లాళ్లు సంకనెత్తుకు తిరిగినాను. ఆ బుడిపె నా కట్టుదే. మేకనుకున్నావా, ఇంజననుకున్నావా?" అని, గోడకానించిన గునపం అందుకుంది.

నేనూ మావయ్యా పరుగెత్తి, పాతది పారేసిన బొగ్గుకుప్ప వెనక వెతికాం. ఎర్ర గీతతో సహా ఎముక దొరికింది. కిరసనాయిలుతో ఎంత తుడిచినా లేత గులాబీ మరక మిగిలింది. దాన్ని బిగిస్తే మేక కాస్త పక్కకు ఒరిగింది, బతికున్నప్పటిలాగే. అత్త గునపం కింద పెట్టింది. స్కూలుదాకా రిక్షాలో దాన్ని ఒళ్లో పెట్టుకుని తనే తీసుకెళ్లింది. దీదీమణి తరగతికి మొదట చూపించింది ఆ బుడిపెనే.

గంగి ఎన్నేళ్లు బతికిందో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. అత్త దాన్ని ఎత్తుకు తిరిగిన ఆ నెల్లాళ్లు మాత్రం ఇంకా ఎముక మీద ఉన్నాయి.