డబుల్ రూమ్

మావారు చనిపోయిన కొద్ది రోజులకు, మాదాపూర్ వెళ్లే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. అక్కడ కొత్తగా కట్టిన గెస్ట్‌హౌస్‌లో రిసెప్షన్ పనికి ఇంటర్వ్యూకు వెళ్తోందట. అంతకుముందు ఒక లాడ్జిలో, దిగినవాళ్లను ఇంటి సంగతులు అడుగుతోందని మాన్పించేశారట.

“అక్కా, జర గెస్టు లెక్క మాట్లాడవా? ఈసారన్న నోరు కట్టేసుకోవాలె.”

సరేనన్నాను. ఆమె కొంగు సర్దుకుని గొంతు మార్చింది.

“గుడ్ మార్నింగ్ మేడమ్, వెల్కమ్! సింగిల్ రూమ్ ఆర్ డబుల్ రూమ్?”

అలవాటుగా “డబుల్” అన్నాను.

“ఏసీ ఆర్ నాన్ ఏసీ?”

“నాన్ ఏసీ.”

“వెరీ గుడ్ మేడమ్. సారు రాలేదా? ఏమన్న తిన్నరా మరి?” అని, వెంటనే నాలుక కరుచుకుంది. “చూసినవా అక్కా, మల్ల అడిగిన!”

టికెట్లు కొడుతున్న కండక్టర్ పగలబడి నవ్వాడు. “ఇగ నీకు నౌకరీ వచ్చినట్టే!”

నాకూ నవ్వొచ్చింది. “వెనక బస్సులో వస్తున్నారండీ” అన్నాను.

ఆమె స్టాపు వచ్చింది. ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి తిరిగి, మళ్లీ ఆ ఇంటర్వ్యూ గొంతుతోనే అంది.

“నో ప్రాబ్లమ్ మేడమ్. సారొచ్చేదాంక మీ రూమ్ ఇంకెవ్వరికియ్య.”

“థాంక్యూ” అన్నాను.