రంగం వెళ్ళిన తమ్ముడి వాటా

2023 వేసవి. టెక్కలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట నా బల్ల. ఇరవై ఎనిమిదేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఎవరి తాత ఎవరో తేలనిదే భూమి చేతులు మారదు కాబట్టి సగం రోజు వంశవృక్షాలతోనే గడుస్తుంది. కానీ పెళ్లి కోసం వంశం వెతికిపెట్టమని వచ్చింది పార్వతమ్మగారు ఒక్కరే.

ఆవిడ బర్మాలో పుట్టారు. తాత లచ్చయ్య ఉద్దానం సముద్రపు ఒడ్డున ఒక పల్లె నుంచి రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. ఈ నేల మీద మొదటిసారి కాలు పెట్టినా ఆవిడది అచ్చంగా పలాస సంతలో వినబడే మాటే. కొడుకు అక్కడి తెలుగమ్మాయినే ఇష్టపడ్డాడు. ఇద్దరి ఇంటిపేరూ బుడగట్ల, ఇద్దరి తాతలదీ ఆ పల్లే.

"ఒకే ఇంటిపేరోలు అన్నాసెల్లెళ్లే కదా బాబూ. పెద్దోలు కాదనీసినారు. పిల్లోడు తిండి మానీసినాడు. ఏటైనా దారి సూడు," అన్నారు. ఆవిడ వీసా ఇంకా పది రోజులే ఉంది.

ఇంగ్లీషు కాగితాల్లో ఆ పేరు మూడు రకాలుగా ఉంది. పాస్‌పోర్టులో ఒకలా, వాళ్ల నాన్న బడి సర్టిఫికెట్లో మరోలా, అమ్మాయి వాళ్ల కాగితాల్లో ఇంకోలా. నాకు సంబరమేసింది. రెండు కుటుంబాలూ వేరని తేల్చేద్దామనుకున్నాను. సెర్చ్ పెట్టించాను. అంటే పాత రిజిస్టర్లలో పేర్ల పట్టీ చూసి దస్తావేజులు వెతికించడం. మూడు రోజుల తర్వాత తేలిందేమిటంటే, ఎలా రాసినా ఆ పల్లెలో ఉన్నది ఒకే ఒక్క బుడగట్ల ఇల్లు.

"కుదరదమ్మా," అని చెప్పేశాను. ఆవిడ కాగితాలు సంచిలో సర్దుకున్నారు. "ఆ పల్లెనైనా ఓపాలి సూసి పోతాను," అన్నారు. మనసొప్పక నేనే ఆటోలో తీసుకెళ్లాను.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు మా కథంతా విని నవ్వారు.

"బుడగట్లోడు మేస్త్రీ. కూలీల జట్టుని ఓడెక్కించినోడు. ఓడ కాయితాల్లో అందరికీ ఆడి ఇంటిపేరే రాయించీసినాడు. మా పెదనాన కూడా అలాగే ఎల్లినాడు. లచ్చయ్యంటే కొయ్యోలింటోడు. రాజయ్య తమ్ముడు."

పార్వతమ్మగారు ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నారు. "రాజయ్య పెదనాన, రాజయ్య పెదనాన అని మా నాన సెప్పీవోడు," అన్నారు.

ఇంటిపేరే వేరైతే పెళ్లికి అడ్డు లేదు, కానీ నోటిమాటను బర్మాలో పెద్దలు నమ్మరు. కాగితం కావాలి. ఈసారి కొయ్య రాజయ్య పేరు మీద వెతికించాను. ఆయన కొబ్బరితోట అమ్మిన దస్తావేజు ఒకటి దొరికింది. హద్దుల దగ్గర ఇలా ఉంది: "ఉత్తరం: రంగం వెళ్ళిన నా తమ్ముడు కొయ్య లచ్చయ్య వాటా తోట."

సర్టిఫైడ్ కాపీ, అంటే ఆఫీసు ముద్రతో నకలు, ఆవిడ చేతికిచ్చాను. ఆ వరుసను వేలితో తడిమారు. "ఇన్నాళ్లూ ఎవులిదో పేరు మోసినాం బాబూ. మా తాతని ఇక్కడ ఎవులూ మరిసిపోలేదు," అని ఏడ్చేశారు. నా కళ్లూ తడిశాయి. ఆ చలికాలంలో పెళ్లి ఫొటో ఫోనుకొచ్చింది.

ఆ దస్తావేజు రాసిన లేఖరి సంతకం ఎంత చూసినా చదవలేకపోయాను. హద్దు చెప్పడానికి లచ్చయ్య వాటా అంటే చాలు. తమ్ముడు ఎటు వెళ్ళాడో రాయమని ఏ చట్టమూ ఆయన్ని అడగలేదు. అయినా రాశాడు. పేరు తెలియని ఆ మనిషికి నేను దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు ఊళ్లో లేని వారసుడి పేరు వస్తే, ఎక్కడున్నాడో అడిగి మరీ రాస్తున్నాను. "ఇదంతా అవసరమేటి మావా?" అని రాయించుకునేవాళ్లు విసుక్కుంటారు. ఎవరికి అవసరమో నాకూ తెలియదు. రాస్తాను.